‘తొలగించకండి’లో క

అక్క పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను కోదాడలో మా ఇంట్లో దోసెల పిండిలో ఉప్పు కలుపుతున్నాను. “పొద్దుగాల అయిదింటికి పోయిందమ్మా. దవాఖానలనే. ఇంటికి తెస్తున్నం” అన్నాడు. ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్లీ వేశాను. ఆ పిండిని చివరికి పారబోశాం.

ఆమె నాకు తోబుట్టువు కాదు. సూర్యాపేటలో మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో భార్యాభర్తలిద్దరూ ఒక చిన్న డీటీపీ షాపు నడిపేవారు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, ఫ్లెక్సీలు, దశదిన కర్మ కార్డులు. బావ టైపు చేస్తే ఆమె తప్పులు చూసేది. ఆ వీధిలో అందరికీ ఆమె ప్రూఫు అక్క. మీలో ఎవరైనా కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం తెలుగులో నేర్చుకుని ఉంటే, మీకు తెలియకుండానే ఆమె దిద్దిన వాక్యాలు చదివి ఉంటారు.

అదెలాగో చెబుతాను. నేను కోదాడలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఒక ప్రోగ్రామింగ్ భాషకు ఇంగ్లిష్‌లో ఉన్న వివరణ పేజీలను తెలుగులోకి తెచ్చే పని కొందరం జీతం లేకుండా చేస్తుండేవాళ్లం. మా చిన్నాన్న కూతురి పెళ్లి కార్డుల కోసం సూర్యాపేట వెళ్లినప్పుడు, పనిలో పనిగా నేను రాసిన పేజీలు కొన్ని ఆ షాపులో ప్రింటు తీయించాను. మిషను ఇంకా తిరుగుతుండగానే ఆమె మొదటి కాగితం అందుకుని, నేను అడక్కుండానే ఎర్ర పెన్నుతో ఒక మాట చుట్టూ సున్నా చుట్టింది.

“గమణిక అని ఎవలు రాసిన్రు?”

“నేనే.”

“గమనిక. చిన్న న. పెద్ద ణ ఎందుకు పెట్టినవ్, బరువుగ ఉంటదనా?”

తర్వాత నా ‘ఖాలీ జాబితా’ దగ్గర ఆగింది. “ఉర్దూల ఖాలీ, తెలుగుల ఖాళీ. నోటికి ఎట్లన్న నడుస్తది చెల్లె, కాయితానికి నడువది.” నాకు ఒళ్లు మండింది. ఇంజినీరింగ్ చదివిన దాన్ని, పదో తరగతి చదివిన మనిషి చేత ల, ళ దిద్దించుకోవడమా అనుకున్నాను. బస్సులో కూర్చుని ఆ కాగితాలు మళ్లీ చూస్తే ఒక్క పేజీలో పద్నాలుగు ఎర్ర సున్నాలు. ఆ తర్వాతి శనివారం నేనే వెళ్లాను.

ఆమె పుట్టింది మిర్యాలగూడలో. తండ్రి అక్కడొక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవాడు. ఏ ఒత్తు ఏ గడిలో ఉంటుందో ఆమెకు బడికి పోకముందే తెలుసట. ఆమె చదివే తీరు వేరు. పేజీని కింది వరుస నుంచి పైకి చదివేది. “పైనుంచి సదివితే మనసు సదువుతది, కిందినుంచి సదివితే కన్ను సదువుతది” అనేది. మాట్లాడేటప్పుడు ‘సూడు’ అనే మనిషి, కాగితం మీద చ బదులు స పడితే ఊరుకునేది కాదు. మా కోదాడలో చక్కగా చూడు అనే అంటామని ఒకసారి గొప్పలు పోయాను. “మీరు ఆంధ్రను ఆనుకోని ఉన్నోళ్లు, మీకు చ ఊకెనే వచ్చింది. మేం కష్టపడి నేర్సుకున్నం” అంది.

ప్రోగ్రాం అంటే ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉండేది. “దాంట్ల తప్పు రాస్తే ఏమైతది?” అని అడిగింది. ఆగిపోతుందని, ఫలానా వరుసలో తప్పు ఉందని అదే చెబుతుందని చెప్పాను. “మంచిది. మనుషులు జెప్పరు” అంది. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

అర్థమైతే చాలు కదా, ఈ ఒత్తుల గోల ఎందుకని మా జట్టులో ఒకాయన విసుక్కున్నాడు. ఆ మాట ఆమెకు చేరవేశాను. “పెండ్లి కార్డుల పిలగాని పేరు తప్పు పడ్డా పెండ్లి ఆగదు. మరి ఎవలన్న ఊకుంటున్నరా?” అంది. “ఒత్తు తప్పితే నవ్వుతరు చెల్లె. ఒక్కోపారి అక్షరం తప్పితే ఏడుస్తరు” అని కూడా అంది.

ప్రతి పేజీ అడుగున, అచ్చుతప్పులు చూసినవారు అని ఆమె పేరు, పక్కన సూర్యాపేట అని పెట్టించాను. ఆ పేజీ ఒకటి ప్రింటు తీసి తన బల్ల మీది గోడకు అంటించుకుంది. వేలకొద్దీ కార్డులు దిద్దిన మనిషి పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి. వచ్చినవాళ్లకు బావ చూపిస్తుంటే సిగ్గుపడి లోపలికి పోయేది.

చివరి రెండేళ్లు ఆమెకు కిడ్నీలు బాగా లేవు. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఎడమ చెయ్యి మిషనుకు ఇచ్చి, ఒళ్లో అట్ట పెట్టుకుని, కుడిచేత్తో నా పేజీలు దిద్దేది. పండుకో అమ్మా అని నర్సు కోప్పడితే, “పండుకుంటే టైం పోదు బిడ్డా” అనేది. మిషను వల్ల వణుకు వచ్చినప్పుడు పెన్ను ఎత్తి పట్టుకుని, వణుకు తగ్గాక సున్నా చుట్టేది. నేను పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. నాకు తెలుగు రాయడం వచ్చిందంటే ఆ స్టూలు మీదే వచ్చింది.

అలాంటి ఒక రోజున నా వాక్యం ఒకటి చూసి ఆగింది. కొత్త వెర్షన్ వేసుకునేటప్పుడు పాత ఫోల్డర్‌ను తొలగించండి, అని రాశాను. “ఇది తీసెయ్యమంటున్నవా, వద్దంటున్నవా? పాతదాంట్ల వాళ్ల పనంత ఉంటదని పైన నువ్వే రాసినవ్ గదా” అంది. ఇంగ్లిష్ తీసి చూశాను. వద్దనే ఉంది. ‘తొలగించకండి’ అని రాయాల్సిన చోట నేను ఒక క మింగేశాను. ఆమె ఎర్రగా క రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఇంటికి వచ్చి దిద్దుబాట్లన్నీ కంప్యూటర్లో ఎక్కించాను. ఒత్తులు ఎక్కించాను, ళలు ఎక్కించాను. ఆ ఒక్క క ఎక్కించలేదు. వేరే పని తొందరలో ఉన్నాను. అంతకు మించి కారణం లేదు.

కొన్ని వారాల తర్వాత అక్క ఫోన్ చేసింది. “చెల్లె, గరిడేపల్లి నుంచి ఒక పిల్ల వచ్చింది, వాళ్ల నాయినను తోలుకోని. డిగ్రీ సదువుతదట. కాలువ నీళ్లు ఏ పొలానికి ఏ రోజు వస్తయో సూపే ప్రోగ్రాం రాసుకున్నదట. మూడు నెలల పని. మన పేజీ సూసి పాత ఫోల్డర్ తీసేసిందట. వచ్చే వారం ఉద్యోగానికి అదే సూపియ్యాలెనట. నా పేరు సూసుకుంట షాపుకు వచ్చిన్రు.” తర్వాత గొంతు తగ్గించి, “క పోయింది. నేనే సూడలేదు గావచ్చు. ఆ రోజు మిషను మీద ఉంటిని గదా” అంది.

నేను అప్పుడే చెప్పాల్సింది. “పర్లేదక్కా, ఇప్పుడే సరిచేస్తాను” అన్నాను.

ఫోన్ పెట్టేసి నా సంచిలోని కాగితాలు తిరగేశాను. ఎర్ర క ఉంది, దాని కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. అయిదు నిమిషాల్లో పేజీ సరిచేశాను. అక్కకు తిరిగి ఫోన్ చేయలేదు. గరిడేపల్లి అమ్మాయికి ఆ ఉద్యోగం రాలేదు.

ఆ తర్వాతి శనివారం వెళితే అక్క నా కాగితాలు తీసుకోలేదు. “ఇగ నాకు తేకు చెల్లె. కండ్లు పోయినయి. ఆ పిల్ల ఏడ్సుడు సూసినంక నాకు ఏ అక్షరం మీద నమ్మకం లేదు. ఆ పేజీలల్ల నా పేరు గూడ తీసెయ్.” గోడ మీది కాగితం అప్పటికే లేదు. ఆ రోజు సంచిలో ఎర్ర క ఉన్న పేజీ ఉంది. జిప్పు మీద చెయ్యి కూడా వేశాను. ఎవరో కార్డుల కోసం లోపలికి వచ్చారు, చెయ్యి తీసేశాను. మరో రెండుసార్లు అది చెప్పడానికే కోదాడ నుంచి బస్సెక్కి వెళ్లాను. దవాఖానలో ఆమె పక్కన కూర్చుని వాతావరణం గురించి మాట్లాడి వచ్చాను. ఒంట్లో బాగాలేని మనిషిని కదిలించడమెందుకని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నన్ను నమ్మిన మనిషి కళ్లలో చులకన కావడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే. ఆమె అడిగినట్టే అన్ని పేజీల్లోంచి ఆమె పేరు నా చేత్తోనే తీసేశాను.

ఆమె పోయిన రోజు సాయంత్రం ఆ పేరు తిరిగి పెట్టాను. మార్పుకు కారణం రాయవలసిన గడిలో, తప్పు నాది, ఆవిడది కాదు, అని రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. పోయిన మనిషికి న్యాయం చేయడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

మూడో రోజు షాపుకు వెళ్లాను. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి పోతే, బావ ఒక్కడే ఉన్నాడు. ఆమె దశదిన కర్మ కార్డు ఆయనే టైపు చేసి ప్రూఫు తీశాడు. “ఊరందరియి ఆమెనే సూసేది. ఆమెది ఎవలు సూడాలె? జర నువ్వు సూడమ్మా. నీ మీద ఆమెకు నమ్మకం ఉండె” అని కాగితం, ఎర్ర పెన్ను నా చేతికిచ్చాడు.

మొదటి వరుస దాటలేకపోయాను. సంచిలోంచి ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టాను. “బావా, ఆ క అక్క పెట్టింది. నేనే ఎక్కించలేదు.”

ఆయన చాలాసేపు చూశాడు. భార్య చేతిరాత ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

“ఇది ఎప్పటిసంది ఉన్నది నీ కాడ?”

“మొదటి నుంచీ.”

“అప్పటిసంది మందు చీటీ గూడ నన్నే సదువుమనేది” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఒకపారి సదివితే మల్లొకపారి సదువుమనేది. కండ్ల డాక్టరు కాడికి తీస్కపోయిన. కండ్లు మంచిగనే ఉన్నయమ్మా అన్నడు. నమ్మలే. నువ్వు ఒక్క మాట జెప్తె నమ్ముతుండె.”

తప్పయింది బావా అన్నానేమో, బయటికి వినిపించిందో లేదో తెలియదు.

ఆయన చెయ్యి చాచి నా చేతిలోంచి కార్డు ప్రూఫు తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. పెన్ను కూడా తీసుకున్నాడు.

“వద్దులేమ్మా. నేనే సూసుకుంట.”

కళ్లజోడు పెట్టుకుని, ఆమె కుర్చీలో కూర్చుని, కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ ప్రూఫు చూసిన మనిషి కాదు. ఆమె పేరులోని మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. నేను షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చి వెనక్కి చూసేసరికి ఆ వేలు ఇంకా అక్కడే ఉంది.