గ్రామసభకు వెళ్ళిన తొమ్మిదో తరగతి

మొన్న శృంగవరపుకోట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలు మాదిరి శాసనసభ నడుపుతున్నారని, రిటైరైన సోషల్ టీచరును కదా అని నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. స్పీకరైన పిల్ల గంట కొట్టి మరీ సభను అదుపులో పెట్టింది, ప్రతిపక్షం వారు ముచ్చటగా ఆవేశపడ్డారు, మంత్రులు తడుముకోకుండా జవాబులిచ్చారు. అందరూ మురిసిపోతుంటే నాకు మాత్రం లోపల ఏదో పీకుతూనే ఉంది. జవాబు తెలియక నీళ్ళు నమిలిన మంత్రి ఒక్కడైనా లేడే! ప్రశ్నలూ జవాబులూ ఒకే చేత్తో రాసినవని నా అనుమానం. చివర్లో, ఇటువంటి వాటివల్ల పిల్లల్లో పౌరస్పృహ పెరిగిందా అని అడిగే కాగితం ఒకటి చేతికిచ్చారు. దాన్ని ఖాళీగానే తిరిగిచ్చి బస్సెక్కాను. చాదస్తపు మనిషి అనుకునే ఉంటారు.

మన రోజుల్లో పౌరశాస్త్రమంటే పుస్తకం చివర, పరీక్షల ముందు గబగబా ముగించేసే నాలుగు పాఠాలని నా ఈడువారికి చెప్పనక్కరలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నౌపడకు దిగువన ఉప్పు మడుల మధ్యనున్న ఒక ఊళ్ళో పనిచేసేటప్పుడు, కళ్ళతో చూస్తేగాని చదువు రాదనే పట్టుదలతో తొమ్మిదో తరగతి పిల్లల్ని వరుసగా నడిపించుకుని గ్రామసభకు తీసుకువెళ్ళాను. అర్థం కానిదుంటే లేచి అడగమని ముందురోజే చెప్పి ఉంచాను.

సభలో కార్యదర్శి ఆ ఏడు పూర్తయిన పనుల జాబితా చదివారు. మడులకు వెళ్ళే దారిలో ఉప్పుటేరు మీద కల్వర్టు అనగానే, మడుల్లో కూలికి వెళ్ళే దంపతుల కూతురు, తరగతిలో ఎన్నడూ నోరు విప్పని పిల్ల, లేచి నిలబడింది.

"కల్వర్టు కట్టీసినామని సదివినారు కదండీ, అదెక్కడున్నాదండీ? మాయమ్మ రోజూ నడుంలోతు నీళ్ళలోనే ఎల్తాది."

ఎవరూ నవ్వలేదు. సర్పంచిగారు ఆ పిల్లను చూడలేదు, నన్ను చూశారు.

సాయంత్రానికల్లా ఊరంతా గుసగుసలు. అవతలి పార్టీవాళ్ళే నన్ను పంపారని కొందరు, మిషను చర్చికి వెళ్ళే మనిషి గనుక ఇంకెవరో వెనకున్నారని కొందరు. మర్నాడు హెడ్మాస్టరుగారు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసి, ఆ ప్రశ్న నేనే రాసిచ్చానా అని అడిగారు. లేదండీ, తనంతట తానే అడిగింది అన్నాను. అది నిజమే; లేచి అడగమన్నది నేనేనన్న మాట మాత్రం మింగేశాను. కానీ నా జీవితంలో చెప్పిన నిజాలన్నిటిలోకీ ఈనాటికీ నేను సిగ్గుపడేది దానికే.

రెండు రోజుల తరువాత ఆ పిల్ల తల్లి, చీర అంచుకు ఉప్పు తెట్టె కట్టి ఉండగానే, మా వరండాలోకి వచ్చింది.

"సదువు సెప్పండి టీచరమ్మా, అడగడం మాత్రం నేర్పకండి. మా ఇంటాయన్ని మడుల్లోకి రావద్దనీసినారు. ఇప్పుడు మమ్మల్ని ఏటి సెయ్యమంటారు?"

ఆ సాయంత్రమే, ఆ మడుల ఆసామి కూడా అయిన సర్పంచిగారింటికి వెళ్ళి, పిల్లను పక్కన నిలబెట్టుకుని, తెలియక అడిగింది, మన్నించండి అని చేతులు కట్టుకున్నాను. ఆ పిల్ల తలెత్తి నా ముఖం వంక ఒక్కసారి చూసి దించేసుకుంది. వారం తిరగకుండా తండ్రిని పనిలోకి పిలిచారు. కల్వర్టు మాత్రం నేను బదిలీ అయ్యేదాకా జాబితాలోనే ఉంది.

ఆ ఏటి వార్షిక పరీక్షలో గ్రామసభ వలన ఉపయోగములేమి అనే ప్రశ్న వచ్చింది. ప్రజలు తమ సమస్యలను నిర్భయముగా తెలుపుకొనవచ్చునని ఆ పిల్ల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా రాసింది. నేను పూర్తి మార్కులు వేశాను. ఇంకేం వేయగలను?

ఇప్పుడు పిల్లలకు మైకులున్నాయి, చప్పట్లున్నాయి, అందరికీ ధ్రువపత్రాలున్నాయి. మర్నాడు ఏ తల్లీ టీచరు వరండా ఎక్కనక్కరలేదు. అందుకు సంతోషించాలో, వాళ్ళ మాటకు ఎవరి గుండే ఝల్లుమననందుకు దిగులుపడాలో తోచడంలేదు. ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు. ఈపాటికి మనవలు కూడా పుట్టి ఉంటారు. ఏదైనా అడుగుదామని వాళ్ళు నోరు తెరిస్తే, అడగనిస్తుందో, చేయి పట్టుకుని కూర్చోబెట్టేస్తుందో.