రుబ్బురోలుతో మేన్ తీరానికి

అక్టోబరు మొదటి శుక్రవారం తెల్లవారుజామున ఐదూ నలభైకి పిస్కాటవేలో మా ఇంటి ముందు నుంచి బయల్దేరాం. అలవాటు ప్రకారం కారు కదిలే ముందు ప్రార్థన చేసుకున్నాం. మావారు రెండు ముక్కల్లో ముగించారు గాని నేను కాస్త పొడిగించాను. కారు వెనక మంచం, అలమరాలు ఉన్న పదిహేను అడుగుల ఇల్లులాంటి ట్రైలర్ తగిలించి ఉంది మరి. అలాంటి బండిని ఆయన అంతకుముందు ఎన్నడూ లాగలేదు. అసలు ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఏ బండీ నడపలేదు.

ఏప్రిల్‌లో ఆయనకు చిన్న స్ట్రోక్ వచ్చింది. మాట వారంలో తిరిగొచ్చింది, కాలు నెలలో కుదుటపడింది, కుడిచెయ్యి మాత్రం వేసవంతా బతిమాలించుకుంది. థెరపీ చేసే అమ్మాయి ఎర్ర రబ్బరు బంతి ఒకటి ఇచ్చి రోజూ పిసకమంది. ఆయన ఆవిడ చెప్పినదానికి రెట్టింపు పిసికేవారు. టీవీ ముందు, ఫోన్‌లో మాట్లాడుతూ, ఆఖరికి ఆదివారం తెలుగు చర్చిలో పాస్టరుగారు ప్రసంగిస్తున్నప్పుడు కూడా. ఆగస్టులో డాక్టరు చెయ్యి పూర్తిగా బాగైందని, డ్రైవ్ చేసుకోవచ్చని చెప్పాడు. ఈయన నమ్మలేదు. తను పనిచేసే ల్యాబ్‌కి వాల్టర్ కార్లో వెళ్ళి, వాల్టర్ కార్లోనే ఇంటికొచ్చేవారు. ఇక నా డ్రైవింగ్ సూపర్‌మార్కెట్ దాకా, చర్చి దాకా. హైవే ఎక్కమంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

ఈ వాల్టర్ మావారితో కలిసి పనిచేసే పెద్దమనిషి. ట్రైలర్ అతనిదే. పది రోజులు మేన్ సముద్రతీరం చూసి రండి, కాని నడిపేది నువ్వే అయితేనే ఇస్తాను అని మావారికి షరతు పెట్టాడు. బుధవారం సాయంత్రం మా ఇంటికొచ్చి తగిలించడం, విప్పడం, వెనక్కి తియ్యడం అన్నీ నేర్పాడు. ట్రైలర్ చక్రాలకు విడిగా బ్రేకు ఉంటుంది. దాని మీట కార్లో డాష్‌బోర్డు కింద, డ్రైవరు కుడిచేతి వైపు ఉంటుంది. అదీ చూపించాడు. బరువులు ఎక్కడ పెట్టాలో కూడా ఏదో చెప్పాడు. నేనప్పుడు లోపల అలమరాలు కొలుచుకుంటూ, సరే సరే అని కిటికీలోంచి తలూపాను.

గురువారం సామాను సర్దాను. యాభై పౌన్ల బియ్యం బస్తా, రెండు ఆవకాయ జాడీలు, నాలుగు పెద్ద క్యాన్ల మంచినీళ్ళు, పప్పులు. ఇద్దరికి పది రోజులకు బస్తా ఎందుకని అడక్కండి, కొలిచి పొట్లాలు కట్టుకునే అలవాటు నాకు లేదు. వీటన్నిటినీ మించి, నరసాపురం నుంచి విమానంలో తెచ్చుకున్న చిన్న రుబ్బురోలు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన ఇష్టంగా తినేది ఇడ్లీ ఒక్కటే. మిక్సీ పిండితో ఇడ్లీలు గట్టిగా వస్తాయని నా పట్టుదల. లోపల నడిచేటప్పుడు ఆయన కాలికి ఏదీ తగలకూడదని మొత్తం తీసుకెళ్ళి ట్రైలర్ చిట్టచివర, మంచం కింది పెట్టెలోకి తోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏడూ పదికి టాపన్ జీ వంతెన దాటాం. ట్రైలర్‌తో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఆ ప్రాంతంలో పార్క్‌వేలనే కొన్ని రోడ్ల మీదికి ట్రైలర్లను రానివ్వరు, మ్యాపు ముందే చూసుకోండి. ఆకులు అప్పుడే ఎరుపు, పసుపు తిరుగుతున్నాయి. నేను థర్మోస్‌లో కాఫీ పోసిస్తే ఆయన వద్దన్నారు. రెండు చేతులూ స్టీరింగ్ వదల్లేదు. ఎర్ర బంతి మా ఇద్దరి మధ్య సీటు మీద ఉంది.

ఎనిమిదిన్నరకు కనెక్టికట్ కొండల్లో ఒక పొడుగాటి దిగుడు వచ్చింది. స్పీడు యాభై అయిదు దాటింది. ఎడమ పక్కనుంచి ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటి పోయింది. వెంటనే ట్రైలర్ కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టింది, దాంతోపాటు మా కారూ ఊగింది. ఊగేకొద్దీ ఎక్కువైంది. నేను యేసయ్యా అని గట్టిగా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఊపు తగ్గి బండి నెమ్మదిగా పోతోంది. కొంచెం దూరంలో రెస్ట్ ఏరియా కనిపిస్తే ఆయన అందులోకి తిప్పి ఆపారు.

ఆయన తాళాలు తీసి నా ఒళ్ళో పెట్టారు.

"చెయ్యి పట్టు తప్పింది కరుణా. డాక్టరు ఏమన్నా సరే, నేనింక డ్రైవ్ చెయ్యను. వాల్టర్‌కి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమందాం."

నాకు ఏడుపొచ్చింది. ట్రిప్ పోతే పోయింది, ఆ తాళాలు ఈయన మళ్ళీ ముట్టుకోరని భయం వేసింది. ఆర్నెల్ల కష్టం నా ఒళ్ళో పడి ఉంది.

ఇంతలో మా వెనకే ఇంకో ట్రైలర్ వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దాయన, ఆయన భార్య, ఒక మచ్చల కుక్క దిగారు. పేరు హెరాల్డ్, ఒహాయోలో స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడట. భార్య పేరు డోరతీ. మా బండి ఊగడం వెనకనుంచి అంతా చూశాడట. పరామర్శ ఏమీ లేదు. నేరుగా మా ట్రైలర్ వెనక్కి వెళ్ళి, ఇక్కడ ఏం పెట్టారు అని అడిగాడు.

తెరిచి చూపించాను. బస్తా, జాడీలు, క్యాన్లు ఒక్కొక్కటే తీసి గడ్డి మీద పెట్టాడు. రుబ్బురోలు దగ్గర ఆగిపోయాడు. ఇది దేనికి అన్నాడు. పిండి రుబ్బడానికి అన్నాను. ముప్పై ఏళ్ళుగా ట్రైలర్ లాగుతున్నాను గాని, రాయిని వెంట తెచ్చుకున్నవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను అన్నాడు. తోక బరువైతే ట్రైలర్ ముక్కు పైకి లేస్తుందని, అప్పుడు ఏ చిన్న గాలి కొట్టినా ఊగుతుందని, ఎవరు నడిపినా అంతేనని వివరంగా చెప్పాడు. ఆ తర్వాత మావారి వైపు తిరిగి, ఊగడం మొదలయ్యాక నువ్వేం చేశావు అని అడిగాడు.

ఈయన గుర్తు తెచ్చుకుంటూ చెప్పారు. గ్యాస్ పెడల్ మీద నుంచి కాలు తీశారు. కాలిబ్రేకు తొక్కలేదు. ట్రైలర్ బ్రేకు మీట లాగారు. చెబుతూ చెబుతూ గాల్లో లాగి చూపించారు. కుడిచేత్తో.

హెరాల్డ్ తలూపాడు. "అందరూ భయపడి బ్రేకు తొక్కుతారు, గోతిలో పడతారు. నీ చెయ్యి చాలా మంచిది."

అతనికి మా సంగతేమీ తెలియదు. మావారు ఆ చేతిని ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి చూసుకున్నారు. నేనిక దాచలేకపోయాను.

"ఏవండీ, తప్పు మీ చేతిది కాదు, నాది. బరువు ముందు పెట్టమని వాల్టర్ చెప్పాడు. నేనే వినిపించుకోలేదు."

ఆయనకు కోపమొస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆయన నవ్వారు. ఏప్రిల్ తర్వాత అంత పెద్దగా నవ్వడం అదే మొదలు. తర్వాత చెయ్యి చాచారు. తాళాలు ఇచ్చేశాను.

సామానంతా ఇరుసుకు ముందువైపు సర్దుకుని తొమ్మిదిన్నరకు కదిలాం. హెరాల్డ్ మా వెనకే వస్తానన్నాడు. తర్వాతి దిగుడులో ఇంకో ట్రక్కు దాటింది. ట్రైలర్ బుద్ధిగా వెంట వచ్చింది. ఆయన కాఫీ అడిగారు.

నాలుగున్నరకు మేన్ రాష్ట్రంలో వెల్స్ చేరాం, హెరాల్డ్ వాళ్ళూ మా పక్కనే ఆగారు. సముద్రం పక్కనే ట్రైలర్లు నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్, కరెంటుతో కలిపి రాత్రికి తొమ్మిది డాలర్లు. స్నానాలగది శుభ్రంగా ఉంది గాని వేణ్ణీళ్ళు చాలవు. పెందలాడే లేవండి. అక్టోబరు మధ్యకల్లా చాలా క్యాంప్‌గ్రౌండ్లు మూసేస్తారు కాబట్టి ఫోన్ చేసి మరీ వెళ్ళండి. శనివారం సాయంత్రం గడ్డి మీద రోలు పెట్టి పిండి రుబ్బుతుంటే చుట్టుపక్కల ట్రైలర్ల వాళ్ళంతా కాఫీ కప్పులతో వచ్చి నిలబడ్డారు. ఆదివారం ఇడ్లీలు డోరతీకి కూడా పెట్టాను. ఆవిడ చక్కెర అద్దుకుని తిన్నది. నేను పచ్చడి గిన్నె మీద మూత పెట్టేశాను.

సోమవారం పొద్దున్నే వాళ్ళు కెనడా వైపు వెళ్ళిపోయారు. మేం ఒకటో నంబరు రోడ్డు పట్టుకుని, కామ్‌డెన్‌లో ఒక రాత్రి ఆగి బార్ హార్బర్ వెళ్ళాం. అక్కడ ఆటు సమయంలో సముద్రం తొలగి ఎదురుగా ఉన్న చిన్న దీవికి నడిచి వెళ్ళేంత దారి ఇస్తుంది. పోటు టైము కనుక్కుని వెళ్ళాలి, లేకపోతే అవతలే ఉండిపోతారు. రేవులో లాబ్‌స్టర్ కొని చింతపండు పులుసు పెట్టాను. వెన్నలో ముంచుకు తినే ఆ ఊరివాళ్ళ మీద నాకు జాలేసింది. నాలుగు రోజులు కొండలు, రాళ్ళు, లైట్‌హౌస్‌లు తిరిగాం. మొత్తం ఆయనే నడిపారు. సముద్రం మా నరసాపురం వైపు సముద్రంలా ఇసకలోకి పాకదు, నల్లరాళ్ళను కొడుతుంది. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే ఒక్క వేలు పెట్టి తీసేశాను.

తర్వాతి శనివారం తిరుగుదారి పట్టి, ఆ రాత్రి మళ్ళీ వెల్స్‌లో ఆగాం. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అదే కనెక్టికట్ కొండ ఎక్కుతున్నాం. వెళ్ళేటప్పుడు చూసిన ఎరుపంతా రాలి రోడ్డు పక్కన పడి ఉంది. ఎవరైనా అడిగితే మేన్ తీరం తప్పక చూడమనే చెబుతాను. రోలు తీసుకెళ్ళమనే చెబుతాను, ముందువైపు పెట్టుకుని. ఈ పూట ఆయన వ్యాయామం చేశారా లేదా అని గుర్తొచ్చి బంతి కోసం సీటు తడిమాను. లేదు. సీటు కిందా లేదు, డాష్‌బోర్డు అరలోనూ లేదు.

"బంతి ఏదండీ? క్యాంప్‌గ్రౌండ్‌లో మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. హెరాల్డ్ కుక్కకిచ్చేశాను."

"ఎప్పుడు?"

"వాళ్ళు వెళ్ళిన రోజు. సోమవారం."

ఆరు రోజులైంది. నేను చూసుకోనే లేదు. ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడిచెయ్యి చాచి కాఫీ పొయ్యమన్నారు.