తిరువేంగడం బుగ్గలో వేరు

చెన్నపట్నంలో పురసవాక్కం పెద్ద వీధిలో బట్టల అంగళ్ళకు కొదవ లేదు. కొదవల్లా వాటి మెట్లెక్కే మనుషులకే. ఒక అంగడి మెట్టు మీద కాలు పెట్టబోయిన ఆడమనిషిని పక్కంగడివాడు తియ్యగా పిలిస్తే, పెట్టబోయిన కాలు వెనక్కి తీసి అటే పోతుంది. అందుకే ఆ వీధిలో ప్రతి అంగడికీ వాకిట్లో నిలబడి పిలిచే మనిషి ఒకడుంటాడు. కృష్ణస్వామి గారి చీరల అంగడికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ మనిషి తిరువేంగడం.

పిలవడమంటే అరవడమనుకునేవాళ్ళకు ఒక దండం. అరిస్తే కాకులు కూడా ఎగిరిపోతాయి. తిరువేంగడం అరవడు. మనుషులు ఆటో దిగుతుండగానే నడకా, చేతిసంచీ, నుదుటి బొట్టూ చూసి ఏ భాషో తేల్చుకుంటాడు. నెల్లూరు నుంచి దిగిన పెళ్ళివారైతే "రాండమ్మా, ముహూర్తం చీరలు లోపల చల్లంగా కూర్చోని చూసుకోండి" అంటాడు. తమిళులకు తమిళం, సౌకారుపేట మార్వాడీ ఆడవాళ్ళకు హిందీ. ఏ భాషైనా ఆ గొంతులో కాస్త బెల్లం కలిసినట్టుండేది. "కొనేది తర్వాత సంగతి, ఆ మనిషి అంతలా పిలిస్తే పోకపోతే బాగుండదు" అని మెట్లెక్కినవాళ్ళు, రెండు చీరలతో దిగివచ్చినవాళ్ళు ఎందరో.

ఇల్లు తిరువొత్తియూరులో. తాతల నాడెప్పుడో నెల్లూరు పక్క నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. రోజంతా మాట్లాడే మనిషి కదా, ఇంట్లో కూడా వాగుతాడనుకుంటారు. ఇంటికొచ్చాక నోరు తెరిచేది అన్నానికే. గొంతుకు విశ్రాంతి కావాలంటాడు. "నా మొగుడి మాటలు వినాలంటే నేను కూడా చీర కొనాల్సిందే" అని భార్య హైమవతి వీధిలో అందరికీ చెప్పి నవ్వుతుంది.

ఆ గొంతుకు ఒక రహస్యం ఉంది. పనిలో చేరిన మొదటి రోజే, అప్పటి పాత పిలుపుమనిషి వెంకట్రామ్ అతని చేతిలో వేలెడు వేరు ముక్క పెట్టాడు. అతిమధురం వేరు. నాటు మందుల అంగట్లో దొరికేదే, చప్పరిస్తే తియ్యగా ఊరేదే. "గొంతే మన పెట్టుబడిరా తిరువేంగడం. పొద్దున్నే ఒక ముక్క బుగ్గన పెట్టుకో. గొంతు ఎండదు, గీరుకోదు" అన్నాడు. ఆ రోజు నుంచీ మానలేదు. బీడీ తెలియదు, వక్కాకు తెలియదు, పొగాకు వాసన పడదు. ఉన్న అలవాటల్లా ఆ వేరొక్కటే, అది తన మంచితనానికి సాక్ష్యమన్నట్టు కొంచెం గర్వంగా కూడా చెప్పుకునేవాడు.

పోయిన ఏడాది వీధి చివర ఎవరో ఉచితంగా బీపీ చూస్తున్నారంటే సరదాకి చెయ్యి చాపాడు. నూట అరవై. చూసిన పిల్ల ముఖం చూసి సరదా కాస్తా దిగిపోయింది. ఇంటి దగ్గర ఒక డాక్టరు మాత్ర రాసిచ్చాడు. తిరువేంగడం బుద్ధిమంతుడు, రోజూ పొద్దున టిఫను కాగానే వేసుకున్నాడు. బీపీ కూడా కాస్త తగ్గింది. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడు.

నెలన్నర గడిచాక దగ్గు మొదలైంది. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఎవరో ఈకతో గిలిగింతలు పెడుతున్నట్టు పొడి దగ్గు. "రాండమ్మా" అనే మాటలో "రాండ" దగ్గరే తెగి ఖళ్ళు ఖళ్ళుమనేది. కొత్త చీరల గంజి దుమ్మనుకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. గుడ్డ కట్టుకున్నవాడు పిలిస్తే ఎవరొస్తారు? తీసేశాడు. ఎక్స్‌రే తీయించారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మూడు రకాల దగ్గు మందులు తాగాడు. లాభం లేదు.

లాభం ఎందులో కనబడిందంటే, వేరులో. బుగ్గన ఉన్నంతసేపూ గొంతు కాస్త తడిగా ఉండేది. దాంతో రోజుకొక ముక్క రెండైంది, రెండు అయిదైంది, అయిదు ఎనిమిదైంది. రాత్రి దాన్నే దంచి కషాయం కాచి తాగి పడుకునేవాడు. గురువు చెప్పిన మందు కదా, చేటు చేస్తుందా? చెట్టు వేరు కదా, మనిషినేం చేస్తుంది? మనలో ముప్పాతికమంది ఇట్లాగే అనుకుంటాం, కాబట్టి అతన్ని చూసి నవ్వే హక్కు మనకు లేదు.

ఇంతలో బీపీ మళ్ళీ ఎక్కింది, ఈసారి నూట డెబ్భై దాటి. డాక్టరు అదే మాత్ర మోతాదు పెంచాడు. దగ్గు ఇంకా పెరిగింది. దగ్గు పెరిగితే వేరు పెరిగింది. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల పట్టీలు కోసుకునేవి. కాళ్ళలో సత్తువ పోయి బస్సు మెట్లెక్కడమే కొండెక్కినట్టుండేది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి కదా, ముసలితనం అంటే ఇదేనేమోలే అని సరిపెట్టుకున్నాడు.

సరిపెట్టుకోలేనిది ఒక్కటే. వాకిట్లో మనిషి దగ్గుతుంటే జనం పక్కకు జరుగుతున్నారు. ఆ కరోనా రోజుల తర్వాత దగ్గంటే ఎవరికైనా బెదురే. మే నెలాఖరున ఒక పెళ్ళివారి గుంపు సరిగ్గా మెట్టు దగ్గరికొచ్చి, అతను దగ్గగానే పిల్లల్ని లాక్కుని ఎదురంగట్లోకి పోయింది. అది కృష్ణస్వామి కళ్ళారా చూశాడు.

ఆ సాయంత్రం పిలిచి మెల్లగానే చెప్పాడు. "ఇంత కాలం నిలబడినావు, చాలు. ఆడి నెల ఒకటో తేదీ నుంచి పైన గోదాములో సరుకు చూసుకో. జీతంలో మార్పేం లేదు. వాకిట్లో స్పీకరు పెడతాం, మా అమ్మాయి గొంతు రికార్డు చేసింది."

తమిళుల ఆషాఢమైన ఆడి నెలంటే ఆ వీధికి పండగ. తగ్గింపు అమ్మకాలు, తోపులాట, పిలిచేవాడికి అసలైన పరీక్ష. ఆ రోజున తను పైన అట్టపెట్టెల మధ్య కూర్చోవాలి.

"దగ్గు తగ్గితేనో మొదలాళీ?" అన్నాడు తిరువేంగడం. మొదలాళి అంటే యజమాని.

"తగ్గితే చూద్దాం. కానీ ఏడు నెలలుగా తగ్గలేదు కదయ్యా" అన్నాడు కృష్ణస్వామి. ఆ మాటలో కోపం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇంటికొచ్చి అన్నం తినకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హైమవతి విషయమంతా రాబట్టింది. "గోదాములో కూర్చుంటే కాళ్ళకి సుకమే కదయ్యా" అంది మొదట. అతను తలెత్తి చూసిన చూపుకి మాట మార్చింది. "సరి. రేపు కార్పొరేషను ఆస్పత్రికి పోదాం దా. ఆడ కొత్త డాక్టరమ్మ నిదానంగా చూస్తాదంట. ఆ మాత్తర్లూ సిరప్పులూ అన్నీ సంచిలో ఏస్తా ఉండా."

డాక్టరు వినోదిని తమిళమ్మాయి, ముప్ఫై దాటి ఉండదు. కాగితాలన్నీ తిరగేసింది, సంచిలో మందులన్నీ బల్ల మీద పరిచింది, బీపీ రెండుసార్లు చూసింది, పాదం మీద వేలితో నొక్కి గుంట ఎంతసేపు నిలిచిందో చూసింది. తర్వాత అతని ముఖం వంక చూసి, ఎడమ బుగ్గ ఉబ్బెత్తుగా ఉండటం గమనించి, తమిళంలో గట్టిగానే మందలించింది. "బీపీ ఇంతుంటే నోట్లో పొగాకు పెట్టుకుని నా ముందే కూర్చున్నారా?"

తిరువేంగడానికి రోషం వచ్చింది. జన్మలో తాకని వస్తువు. చటుక్కున ముక్క తీసి అరచేతిలో చూపించాడు. "పొగాకు కాదమ్మా. వేరు. అతిమధురం."

ఆమె కలం కింద పెట్టింది. "రోజుకి ఎంత?"

"ముందర ఒక ముక్క. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది. రాత్రికి కషాయం."

"ఇంతమంది డాక్టర్లలో ఒక్కరికైనా చెప్పారా?"

"దాన్ని మందని ఎట్ట చెప్తానమ్మా? అది నా పనిముట్టు. వడ్రంగోడు డాక్టరు కాడికి పోయి వాడి ఉలి సంగతి చెప్తాడా?"

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, కుర్చీ దగ్గరగా జరుపుకుని విడమరిచి చెప్పింది. అతను వేసుకునే రకం బీపీ మాత్ర మంచిదే, కానీ కొంతమందికి పొడి దగ్గు తెప్పిస్తుంది. మోతాదు తగ్గించినా పోదు, మాత్ర మారిస్తేనే పోతుంది. ఇక అతిమధురం ఎప్పుడో ఒకసారి గొంతుకు వాడితే వాడారు గానీ, రోజూ ఇంతగా తింటే ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతుంది. కండరాలకు కావలసిన పొటాషియాన్ని తగ్గిస్తుంది. కాళ్ళ వాపూ, సత్తువ లేకపోవడమూ అందువల్లే కావచ్చు, రక్తం చూస్తే తెలుస్తుంది. "మాత్ర దగ్గు తెచ్చింది. దగ్గుకని మీరు వేరు తిన్నారు. వేరు బీపీ పెంచింది. బీపీకని మాత్ర పెంచారు. అర్థమైందా?"

అర్థమైంది. కొరివితో తల గోక్కోవడం అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాడు గానీ, తియ్యటి కొరివి కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"అట్టయితే అన్ని మాత్రలూ ఆపేసేదా?" అని హైమవతి అడిగింది.

"అది మాత్రం చెయ్యకండి. మీ అంతట మీరు ఆపితే ఇంకా ప్రమాదం. నేను వేరే రకం రాస్తాను. వారం వారం వచ్చి చూపించుకోవాలి. బీపీ దిగేదాన్ని బట్టి మందు మళ్ళీ సరిచేద్దాం. వేరు మాత్రం ఈ క్షణం నుంచీ వద్దు."

రక్తపరీక్షలో పొటాషియం తక్కువే వచ్చింది. దానికీ వారం రోజులు మందిచ్చారు.

మాత్ర మార్చడం ఎంతసేపు? గురువు పెట్టిన వేరు మానడమే తల తీసి పక్కన పెట్టినట్టుంది. ఏనాడో చనిపోయిన వెంకట్రామ్‌కి ద్రోహం చేస్తున్నానేమోనని ఒక దిగులు. మొదటి వారం దగ్గు అట్లాగే ఉంది. రెండో వారం నాలుక మాటిమాటికీ ఖాళీ బుగ్గను వెతుక్కుంది. హైమవతి ఇంట్లో ఉన్న వేరు ముక్కలన్నీ మూటగట్టి ఎక్కడ పారేసిందో చెప్పలేదు. వెన్న తీసేసిన మజ్జిగ మాత్రం గిన్నెలకు గిన్నెలు ఇచ్చింది. మూడో వారం ఒక పొద్దున లేచి, రాత్రంతా ఒక్కసారి కూడా దగ్గు లేపలేదని గుర్తొచ్చి, మంచం మీదే కాసేపు కదలకుండా కూర్చున్నాడు. నాలుగో వారానికి పాదాలు చెప్పుల్లో వదులుగా ఉన్నాయి. బీపీ నూట ముప్ఫై ఆరు.

ఆడికి ఇంకా రెండు రోజులుందనగా గొంతు పరీక్ష చేసుకుందామని తెల్లవారాక తిరువొత్తియూరు సముద్రం ఒడ్డుకు పోయాడు. బండరాళ్ళ మీద నిలబడి అలల వైపు చూస్తూ "రాండమ్మా, రాండి" అన్నాడు. చేపలు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ తలెత్తి, "ఏందయ్యా, కడలమ్మకి చీరలు అమ్మతా ఉండావా?" అంది.

తిరువేంగడం నవ్వలేదు. దగ్గు రాలేదు, నిజమే. కానీ ఆ గొంతు తనది కాదు. మందంగా, కాస్త గరుగ్గా, గంజి దిగని నూలు చీరలా ఉంది. బెల్లం ఎటుపోయిందో పోయింది. దగ్గుతో పాటు పిలుపు కూడా పోయిందేమోననుకుంటూ రాళ్ళు దిగాడు. ఇంటికి పోయి ఆ సంగతి భార్యకు చెప్పలేదు.

ఆడి ఒకటో తేదీ. వీధి నిండా మామిడాకుల తోరణాలు, తగ్గింపు అట్టలు. అంగడి వాకిట్లో స్పీకరు అప్పుడే మొదలుపెట్టింది, చెప్పిందే చెబుతూ. తిరువేంగడం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, దగ్గు తగ్గిందని చెప్పి, ఒక గంట అవకాశం అడిగాడు. కృష్ణస్వామి గడియారం చూశాడు. "సరి. పది నుంచి పదకొండు" అని స్పీకరు ఆపించాడు.

మొదటి ఆటో నుంచి దిగినవాళ్ళు అతని పిలుపు విననే వినలేదు. రెండో గుంపు ఒక క్షణం ఆగి, ఎదురంగడివాడి అరుపుకి అటు తిరిగింది. తిరువేంగడం ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతు పెంచబోయి మానుకున్నాడు. పెంచితే అది అరుపవుతుంది.

అప్పుడు ఎన్నూరు బస్సు దిగి ఒకామె వచ్చింది. సునయన అని, పదేళ్ళుగా ఆ అంగడికి వచ్చే మనిషే. ఈసారి పక్కన పెళ్ళీడు కూతురు ఉంది. "రామ్మా, బిడ్డకి పెళ్ళి చీర చూస్తువు రా" అన్నాడు, ఉన్న గొంతుతోనే.

ఆమె దాటిపోబోయి ఆగింది. "ఎవురో అనుకున్నా. ఏందన్నా, గొంతు మారిపోయింది?"

"ఇన్నాళ్ళూ ఒక వేరు చప్పరిస్తా ఉంటిని తల్లీ, ఆ తీపి నువ్వు వినింది. డాక్టరమ్మ మానిపించేసింది. ఇది నా గొంతే. బాగలేదా?"

సునయన వెనక్కి మెట్టు దగ్గరికి వచ్చింది. "మా నాయన పిలిచినట్టుండాది" అంది. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

తిరువేంగడం పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చాడు. ఇంకో ఆటో వచ్చి ఆగింది, అందులో నుంచి నెల్లూరు సంచులు పట్టుకుని నలుగురు దిగారు. అతను కళ్ళు తుడుచుకుని ముందుకు వంగి పిలిచాడు. వాళ్ళూ ఎక్కారు. వాళ్ళ వెనక ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఎక్కారు.

పదకొండు దాటింది, పదకొండున్నర అయింది. స్పీకరు మళ్ళీ వెయ్యమని కృష్ణస్వామి ఎవరికీ చెప్పలేదు.