పల్టీ బాబాయ్ మోకాళ్ళు

లోకంలో ఎవరైనా గెలిచిన కథలు చెప్పి కాలరెగరేస్తారు. పల్టీ బాబాయ్ మాత్రం పడిన కథలు చెప్పి ఎగరేస్తాడు. ఎవరు ఏ బండి మీద నుంచి పడ్డా సరే, అంతకంటే ఘోరంగా ఆయన ఇదివరకే పడి ఉంటాడు. మీరు గుంటలో పడితే ఆయన బావిలో పడ్డాడు. మీరు బావిలోనే పడ్డారనుకోండి, ఆయన పడినప్పుడు ఆ బావిలో నీళ్ళు కూడా లేవు.

ఆయనకి కళ్ళజోళ్ళ షాపుంది. కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు బోర్డు మీద చిన్న అక్షరాల దాకా వచ్చేలోపు ఒక పల్టీ కథ విని తీరాలి. ఎదురుగా ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు ఓనరుకి వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి. అచ్చుతప్పులు పట్టే మనిషి కదా, కథల్లో కూడా తప్పులు పట్టేస్తుంటాడు.

"బాబాయ్, పోయినసారి ఎడమ మోకాలన్నావు?"

"అది వేరే పల్టీరా!"

పక్క షాపు టైలరమ్మాయికి మాత్రం ఆ కథలంటే భలే సరదా. ఆమె ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్ సైకిల్ కొనుక్కుంది. కొన్నరోజే వాళ్ళ అన్నయ్య తేల్చి చెప్పేశాడు. "ఒక్కసారి పడ్డావో, తాళం చెవి నా జేబులోకి వచ్చేస్తుంది. తర్వాత ఏడిచి లాభం లేదు." ఆయన అన్నాడంటే అన్నట్టే.

ఒక ఆదివారం ఆ వీధి బళ్ళవాళ్ళంతా కొండ మీదికి బయలుదేరారు. పొద్దున ఎక్కడం, పైన భోజనం, చీకటి పడేలోపు దిగడం. అందరికంటే ముందు ప్రెస్సు ఓనరు. మధ్యలో టైలరమ్మాయి. చివర పల్టీ బాబాయ్, వెనక సీట్లో పిన్ని.

కొండ రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. టైలరమ్మాయి బాగానే నడిపింది. పైకి చేరబోతుండగా ఒక మలుపులో కంకర కనబడింది. భయపడి బ్రేకు నొక్కింది. బండి ఆగిపోయి పక్కకి ఒరిగింది. కాలు పెడదామంటే నేల అందలేదు. ఎంత నెమ్మదిగా పడిందంటే, మధ్యలో "అయ్యో" అనడానికీ, ఎవరైనా చూస్తున్నారా అని తల తిప్పడానికీ కూడా తీరిక దొరికింది. అందరూ చూస్తున్నారు.

"ఆగిన బండి మీద నుంచి పడ్డావేంటమ్మా!" అని ప్రెస్సు ఓనరు పకపకా నవ్వాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు.

మోచెయ్యి గీసుకుపోయింది, బండి అద్దం పగిలింది. అంతకంటే ఏం కాలేదు. కానీ అమ్మాయి ముఖం కందగడ్డయింది. తాళం తీసి పిన్ని చేతిలో పెట్టేసి, పిట్టగోడ మీద కూలబడింది.

"నేనిక జన్మలో నడపను పిన్నీ. ఏదైనా కూరగాయల వ్యాను వస్తే బండి అందులో పడేసి పంపించండి. తాళం అన్నయ్యకి నేనే ఇచ్చేస్తాను."

పల్టీ బాబాయ్ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పెదవి విరిచాడు.

"ఇదీ ఒక పడటమేనా? ఇలాంటివి నేను లెక్కలోకే తీసుకోను. ఇదే మలుపులో నేను పడ్డాను చూడండీ... బండి చెట్టు మీద, నేను కింద గొర్రెల మంద మధ్య! సాయంత్రం కాపరి నన్ను కూడా కలిపి లెక్కపెట్టి ఇంటికి తోలుకుపోయాడు. ఒకటి ఎక్కువొచ్చిందని మురిసిపోయాడు కూడానూ."

"కోతలకి కూడా ఒక హద్దుండాలి బాబాయ్!" అన్నాడు ప్రెస్సు ఓనరు.

"కోతలా? ఇదిగో, కుడి మోకాలు!" అని ప్యాంటు పైకి మడిచాడు.

ప్రెస్సు ఓనరు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "మచ్చేదీ?"

"మానిపోయింది. మంచి డాక్టరు."

"మనుషుల డాక్టరా, గొర్రెల డాక్టరా?"

అందరూ పొట్టలు పట్టుకున్నారు. టైలరమ్మాయి పడిన సంగతి ఒక్కరికీ గుర్తులేదు. ఆమె కూడా నవ్వింది గానీ, ఒక అనుమానం మాత్రం పట్టుకుంది. బాబాయ్ ప్యాంట్లన్నీ తను కుట్టినవే. మోకాలి దగ్గర ఏనాడూ ఒక్క అతుకు కూడా వేసిన గుర్తు లేదు.

మోచెయ్యి కడుగుతున్న పిన్నిని మెల్లగా అడిగింది. "పిన్నీ, బాబాయ్ నిజంగానే ఇన్నిసార్లు పడ్డాడా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ వెనక సీటు నాదే. ఆయన పడితే నేనూ పడాలిగా! ఒక్కసారీ పడలేదు తల్లీ."

"మరి ఈ కథలన్నీ?"

"మా తమ్ముడు బండి నేర్చుకుంటూ నలుగురిలో పడ్డాడు. అందరూ నవ్వారు. వాడు సిగ్గుతో మళ్ళీ బండి ముట్టుకోలేదు. అప్పట్నుంచీ ఎవరు పడ్డా సరే, ఈయన వాళ్ళకంటే గట్టిగా పడిపోతాడు, నోటితో. ఆ నవ్వులేవో తన మీదికి లాక్కుంటాడు. నేను చెప్పానని తెలియనివ్వకు, పరువు పోయిందంటాడు."

"పడలేదని తెలిస్తే పరువు పోతుందా?"

"ఆయన పరువు అలాంటిది మరి!"

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. టైలరమ్మాయికి బాబాయ్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చెయ్యి చాపింది. "తాళం ఇటివ్వు పిన్నీ."

దిగేటప్పుడు బాబాయ్ బండి ఆమెకి ముందు నడిచింది. ప్రతి మలుపులోనూ ఆయన చక్రం వెళ్ళిన చోటే తన చక్రం పోనిచ్చింది. భయం భయంగానే ఉంది, కానీ బండి ఎక్కడా తడబడలేదు.

ఇంటి గేటు దగ్గరే అన్నయ్య నిలబడి ఉన్నాడు. పగిలిన అద్దం చూశాడు. చెయ్యి చాపాడు.

"పడ్డావా?"

రాయి తగిలిందని బొంకొచ్చు. అమ్మాయికి ఆ అవసరం కనిపించలేదు.

"పడ్డానన్నయ్యా. కానీ కళ్ళజోళ్ళ బాబాయ్‌లా పడటం నాకింకా చేతకాలేదు."

"ఆయనెలా పడ్డాడేంటి?"

చెప్పింది. చెట్టు మీద బండి చెప్పింది, గొర్రెల మంద చెప్పింది. బాబాయ్ బట్టతల చూసి, ఈ గొర్రెకి ఉన్ని ముందే కత్తిరించారు కాబోలని కాపరి సరిపెట్టుకున్నాడని తన వంతు కూడా కలిపింది. అన్నయ్య చాపిన చెయ్యి పొట్ట మీదికి పోయింది. నవ్వలేక అక్కడే గేటు పట్టుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున బండికి కొత్త అద్దం బిగిస్తూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.