రంగూను వీధుల్లో మద్దమ్మ

మద్దమ్మ రంగూను పోయి వచ్చిందంటే మా ఊరు కోసిగిలో ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆదోని దాటి ఎరగని ఆడమనిషి, సముద్రం దాటి పోయి, ఆ పరాయి పట్నంలో వీపున మూట కట్టుకొని ఇరవై రెండు దినాలు తిరిగింది. పక్కన ఆమె మొగుడు ఉరుకుందు. నాకు ఇదంతా చెప్పింది అతనే. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ.

ఉరుకుందు నేతగాడు. మద్దమ్మ అతనికి సొంత అక్క కూతురు. ప్లేగులో తల్లీ తండ్రీ వారం తేడాలో పోతే, పన్నెండేండ్ల మద్దమ్మ చేతిలో నాలుగేండ్ల తమ్ముడు దాసన్న మిగిలినాడు. ఉరుకుందును పెండ్లి చేసుకొని వచ్చేటప్పుడు ఆ పిల్లోణ్ణి చంకన వేసుకొనే వచ్చింది. వాణ్ణి వాళ్ళిద్దరే పెంచినారు.

ముప్పై ఎనిమిదిలో వానలు లేవు. మగ్గాలకు నూలు లేదు. పద్దెనిమిదేండ్ల దాసన్న కూలీల గుంపుతో మద్రాసు పోయి, అక్కడినుంచి రంగూను ఓడ ఎక్కినాడు. ఆరు నెలలకొకసారి ఎవరితోనో రాయించిన జాబు వచ్చేది. బియ్యం మిల్లులో పని, మూడు పూటలా వరన్నమే తింటాండా అక్కా, అని. నలభై ఒకటి చివర్లో జాబులు ఆగిపోయినాయి. రంగూను మీద బాంబులు పడినాయని ఊళ్ళో అనుకున్నారు.

నలభై మూడులో ఉరుకుందు నూలు కోసం ఆదోని పోయినప్పుడు పత్తికొండ దిక్కు మనిషి ఒకడు వెతుక్కుంటూ వచ్చి కలిసినాడు. బాంబులకు భయపడి రంగూను నుంచి కొండలమీదుగా నడిచి వచ్చినవాళ్ళలో వాడొకడు. “మీ దాసన్న మాతోనే బయలుదేరినాడప్పా. కొండల్లో వాంతులు, బేదులు పట్టుకున్యాయి. ఇంక లేడు” అన్నాడు. ఉరుకుందు నూలు కొనలేదు. పత్తిమిల్లు గోడకు ఆనుకొని పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. దాసన్న అతనికి అక్క కొడుకు కదా.

ఇంటికొచ్చి చెప్పలేదు. అప్పుడు మద్దమ్మకు ఏడో నెల. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. కాన్పు కానీలే, అప్పుడు చెప్తా అనుకున్నాడు. బిడ్డ పుట్టి తొమ్మిది దినాలు బతికింది. ఆ తర్వాత ఏ నోటితో చెప్తాడు? ఇంకో ఏడాది పోనీ అనుకున్నాడు. ఆ ఏడాదీ పోయింది.

“నేను చెప్దామని నోరు తెరిచేసరికి ఆమె వాని మాటే ఎత్తేది” అన్నాడు నాతో. “వానికి వంకాయ పులుసు ఇష్టమనేది. వాడొస్తే పిల్లను చూడల్ల అనేది. నోరు మూసుకుంటాంటి.”

బిడ్డ పోయినాక ప్రతి ఉగాదికీ తమ్మునికని ఒక పంచె నేయించేది మద్దమ్మ. ఉరుకుందు నేసేవాడు. అంచు కొంచెం వెడల్పు పెట్టు మామా, వాడు ఎత్తుమనిషి, అనేది. పెట్టేవాడు. పంచెలు పెట్టెలో పేరుకున్నాయి.

యాభై రెండు కరువులో ఇద్దరూ గంజి కేంద్రం కాడ వరసలో నిలబడి బతికినారు. మరుసటేడు రంగూనులో ఒక దొర ఇంట వంట చేసిన ఏసేపు ఊరికి తిరిగొచ్చినాడు. స్టేషన్ కాడ మద్దమ్మను చూసి, “అక్కా, రంగూను నది అవతల దల్లాలో ఒకడుండాడు. మన మాదిరే మాట్లాడతాడు. దాసు అంటారు వాణ్ణి” అన్నాడు.

ఆ పూట మద్దమ్మ సంగటి రెండోసారి పెట్టుకొని తినింది. తలకు నూనె రాసుకుంది. గోడ ఇవతలికి ఆమె నవ్వు వినబడితే మా అమ్మ చేస్తున్న పని ఆపి వినింది. ఎన్నేండ్లయిందో ఆ నవ్వు విని.

“అప్పుడైనా చెప్పకపోతివా?” అని అడిగినాను.

“ఆ మొగం చూసి యా మొగోడు చెప్తాడప్పా?” అన్నాడు.

కాగితాలకు ఏడాది పట్టింది. ఖర్చుకు రెండో మగ్గం, ఆమె కడియాలు అమ్ముడు పోయినాయి. యాభై నాలుగు జూలైలో మద్రాసులో సూదులు వేయించుకొని, డెక్కు మీద చాప పరుచుకొని బయలుదేరినారు. రెండు మూటలు. ఒకదాంట్లో జొన్నపిండి, ఉప్పు, ఎండుకారం, చిన్న సట్టి. ఇంకోదాంట్లో పదకొండు పంచెలు. పంచెల మూట మద్దమ్మ ఎవరికీ ఇవ్వలేదు, ఉరుకుందుకు కూడా.

రంగూనులో దిగేటప్పటికి వాన. మన దిక్కు వాన ఒక గంట పడితే పండగ. అక్కడ రాత్రీ పగలూ తేడా లేకుండా పోస్తూనే ఉంది. మద్దమ్మ రేవులో నిలబడి మొగం పైకెత్తి, “దీంట్లో ఒక్క దినం వాన మనకిస్తే ఏం పోయిండె మామా ఈ దేవునికి?” అనింది.

తెలుగువాళ్ళ గుడి వసారాలో పడుకునే చోటిచ్చినారు. అక్కడివాళ్ళంతా శ్రీకాకుళం, విశాఖపట్నం వాళ్ళు. వాళ్ళ తెలుగు వీళ్ళకు, వీళ్ళ తెలుగు వాళ్ళకు రెండుసార్లు చెప్తే గానీ తెలిసేది కాదు. పొద్దున మూడు రాళ్ళ మీద సంగటి కెలుక్కొని, ఒక ముద్ద గుడ్డలో కట్టుకొని, మూటలు వీపుకు బిగించుకొని బయలుదేరేవాళ్ళు. బండి ఎక్కేది లేదు, నడకే. నడివీధిలో బంగారు పూత గోపురం, దాని చుట్టూ మోటార్లు తిరిగిపోతుంటే మద్దమ్మ నోరు తెరుచుకొని చూసింది. చెంపలకు పచ్చటి గంధం లాంటిది పూసుకున్న బర్మా ఆడవాళ్ళు లావుపాటి చుట్టలు తాగుతూ అంగళ్ళు నడుపుతున్నారు. “ఆడోళ్ళే యాపారం చేస్తాండారు మామా, మొగోళ్ళు బిడ్డల్ని ఎత్తుకోనుండారు!” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. వాన కారే రేకుల కింద చిన్న పీటల మీద కూర్చొని ఇద్దరూ ఒకే గ్లాసు టీ తాగినారు. పెండ్లయినాక ఆమెతో అట్లా పనిపాటా లేకుండా వీధులు తిరగడం అదే మొదలు.

“ఆ మొదటి అయిదు దినాలు నాకు బాగుండె” అన్నాడు ఉరుకుందు, తప్పు ఒప్పుకున్నట్టు. “వెతికి వెతికి అలిసిపోతాది, దొరకలేదులే అని ఊరుకుంటాది, ఇంటికి పోతాం అనుకుంటి.”

దల్లాకు పడవలో మూడుసార్లు పోయినారు. ప్రతి మిల్లు వాకిట్లోనూ మద్దమ్మ ఒకటే మాట అడిగేది: మా దాసన్నను చూసినారా, ఎత్తుమనిషి, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటాది. ఉరుకుందు పక్కన నిలబడి తానూ తల ఊపేవాడు. ఆరో దినం ఏసేపు చెప్పిన దాసు దొరికినాడు. గుంతకల్లు పక్క మనిషి, యాభై ఏండ్లవాడు, పొట్టివాడు. మద్దమ్మ వాణ్ణి చాలాసేపు చూసింది. “వీడు కాదు” అనింది. ఉరుకుందు ఊపిరి పీల్చుకున్నాడు.

కానీ ఆ దాసు మంచివాడు. ఆడమనిషి అంత దూరం వచ్చిందని జాలిపడి, “తెలుగు సంఘం ఆఫీసులో ఒక పుస్తకం ఉండాదమ్మా. యుద్ధంలో దోవలో పోయినోళ్ళ పేర్లు, యుద్ధం ముగిసినాక ఈడికి వెనక్కొచ్చినోళ్ళు చెప్పంగా రాసినారు. దాంట్లో లేకుంటే బతికిండాడనే కదా” అన్నాడు.

“అవును, దాంట్లో లేకుంటే బతికినట్టే” అని మద్దమ్మ గబగబా నడిచింది. పొద్దు పోయింది, కాలు నొప్పి, రేపు పోదాం అని ఉరుకుందు ఎన్ని చెప్పినా వినలేదు. మూడు దినాలు ఆ ఆఫీసు తలుపు మూసి ఉంది. మూడు దినాలూ ఆమె మెట్ల మీదే కూర్చుంది.

నాలుగో దినం గుమస్తా వచ్చినాడు. ప్రకాశం అని టెక్కలి దిక్కు పిల్లవాడు, మర్యాదస్తుడు. “ఏ ఊరండి మీది?” అని అడిగి, చెమ్మకు ఉబ్బిన పుస్తకం తిప్పినాడు. ఒక పేజీ కాడ వేలు ఆగింది.

“ఉన్నాడమ్మా” అన్నాడు.

“బతికిండాడా?” అనింది మద్దమ్మ.

ప్రకాశం తల దించుకొని చదివినాడు. కోసిగి దాసన్న, మిల్లు కూలి, నలభై రెండు మార్చి నెల, కొండదారిలో కలరా. ఇంకా ఏదో ఉంటే అదీ చదివినాడు, అతనికేం తెలుసు? “వీళ్ళ ఊరికి సమాచారం చేరింది. ఆదోనిలో మేనమామ ఉరుకుందుకు స్వయంగా చెప్పడమైనది.”

మద్దమ్మ వెనక్కి తిరిగింది. “మామా, నీకు చెప్పినారా?”

ఉరుకుందు అవునన్నాడు.

“ఎప్పుడు?”

“బిడ్డ కడుపులో ఉన్నప్పుడు.”

ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. ఏడవలేదు. మూట సర్దుకొని మెట్లు దిగింది.

తిరుగు ఓడకు ఇంకా పన్నెండు దినాలుంది. పోవడానికి చోటు లేదు, చేయడానికి పని లేదు. మద్దమ్మ పొద్దున లేచి నడిచేది. ఉరుకుందు నాలుగు అడుగుల వెనక నడిచేవాడు. ఆమె వీధి తిరిగితే తిరిగేవాడు, నిలబడితే నిలబడేవాడు. పట్నం చివర తాటాకు గుడిసెల దాకా, రైలు పట్టాల వెంట నడిచినారు. చేపల బజార్లు, పెద్ద పగోడా మెట్లు, దేన్నీ ఆమె తలెత్తి చూడలేదు. జొన్నపిండి బూజు పట్టింది. దాన్నే వండి అతనికి పెట్టేది, పలకకుండా.

ఒకనాడు నది ఒడ్డున మూటలు మోస్తూ తడిసి ముద్దయిన తెలుగు కూలీల కాడ ఆగింది. మూట విప్పి మనిషికొక పంచె ఇచ్చింది. ఎందుకమ్మా అని వాళ్ళడుగుతుంటే ఖాళీ గుడ్డ మడిచి చంకన పెట్టుకుంది. మరునాడు బజారులో ఒకడు చాప మీద ఆ పంచె పెట్టుకొని అమ్ముతున్నాడు. వెడల్పాటి అంచు. మద్దమ్మ చూసింది, నడిచి పోయింది. ఉరుకుందు మాత్రం అక్కడే కూలబడినాడట.

ఓడ మద్రాసు దగ్గరికొచ్చేటప్పుడు ఒకటే మాట అనింది. “ఆ పొద్దే చెప్పింటే ఏడ్చుకోనుంటి. ఏడ్చి, లేస్తాంటి. నన్ను ఏడవనీకపోతివి.”

ఊరికి వచ్చినాక తమ్ముని కర్మ తుంగభద్ర ఒడ్డున జరిపించింది. మేనమామ ఉండగా, వీధిలోని సోమన్న చేత చేయించింది. ఉరుకుందు గట్టున నిలబడి చూసినాడు. ఇంట్లో అతనికి అన్నం పెట్టేది, మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇచ్చేది. నాలుగేండ్లు గోడ ఇవతలికి మగ్గం చప్పుడు తప్ప మనుషుల మాట వినబడలేదు. మా అమ్మ ఇద్దరికీ విడివిడిగా చెప్పి చూసింది.

యాభై ఎనిమిది ఎండాకాలంలో మద్దమ్మకు జ్వరం పట్టింది, దిగలేదు. ఒక మధ్యాహ్నం మంచంలోనుంచే, “మామా” అనింది. నాలుగేండ్ల తర్వాత ఆ పిలుపు. ఉరుకుందు మగ్గం గుంతలోనుంచి తడబడుతూ లేచినాడు.

“వాడు పోయేటప్పుడు పక్కన ఎవరుండిరి?”

“ఆ పత్తికొండ మనిషే ఉండెనంట” అన్నాడు ఉరుకుందు. “తల ఒళ్ళో పెట్టుకోని నోట్లో నీళ్ళు పోసినాడంట. శానా సేపు పట్టలేదంట. పూడ్చి, రాయి కూడా పెట్టి వచ్చినాడంట.”

ఆమె అతని మొగంలోకి చూస్తూ పడుకుంది. “అట్లనా” అనింది. నాలుగో దినం పోయింది.

ఇదంతా చెప్పినాక ఉరుకుందు, ఆదోనిలో ఆ మనిషి చెప్పిన మాట ఇంకొకటి మిగిలిందన్నాడు. దాసన్న నడవలేకపోతే గుంపు ఆగలేదట. దోవ పక్కన చెట్టు కింద కూర్చోబెట్టి పోయినారట. అప్పటికి వానికి తెలివుంది. వెనకనుంచి, నన్నిడిచిపెట్టి పోవద్దండప్పా, మా అక్క ఒక్కతే ఉంటాది అని కేకలు పెట్టినాడట. మలుపు తిరిగేదాకా వినబడిందట.

“అది చెప్పేదా నేను?” అన్నాడు. “చెప్పల్లనా అప్పా? చెప్పింటే నన్ను మన్నిస్తాండెనా?”

అతని కండ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“ఈసారి నేను అల్లి చెప్పింది నమ్మిందో లేదో తెలీదు” అన్నాడు. “అట్లనా అనింది. అంతే.”