సముద్రంలో ఈదిన ఎనుము

మా మైదుకూరు ఎండల్లో నీటిరంగులు వేయడమంటే సూర్యుడితో పరుగు పందెమే. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చారు కదా అని, ఫోన్లో వీడియో చూస్తూ సముద్రతీరం వేయడానికి కూర్చున్నాను. కాగితం తడిగా ఉండగానే ఆకాశాన్నీ నీళ్లనూ కలిపేయాలట. నేను కుంచె నీలంలో ముంచేలోగా కాగితం అప్పడంలా ఎండి లేచేది.

చాలా కాగితాలు పాడయ్యాక కూలర్ ముందుకు మారాను. ఈసారి తడి ఆరనే లేదు. ఇసుక రంగు పారి నీళ్లలో కలిసిపోయింది. అయినా నడుమ నల్లటి పడవ ఒకటి వేసి, గోడకు ఆనించి మురిసిపోతున్నాను.

వంటింట్లోంచి మా అత్త వచ్చి చూసింది.

"ఏమ్మీ, కుందూ ఏరు పొర్లిన బొమ్మ ఏసినావా?"

"కాదత్తా, సముద్రం."

"యాడి సముద్రం? ఎర్రనీళ్లు కనపడతాండాయి గదా! ఇదో, మా ఎనుము గూడా ఈదుతాండాది."

"అది పడవత్తా!"

ఆమె వినిపించుకోలేదు. నేల మీద చతికిలబడి, నేను కోడలిగా వచ్చిన ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. చిన్నప్పుడు గేదెను మేపుతుంటే కుందూ నదికి ఉన్నట్టుండి వరద వచ్చిందట. దాని తోక పట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టుకు చేరిందట.

"మా నాయన ఏడ్సుకుంటా పరిగెత్తుకొచ్చినాడు. వచ్చి ఎవురిని వాటేసుకున్యాడో తెల్సునా? ఎనుమును!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఆమె బొమ్మ దగ్గరికి జరిగింది.

"తోక ఎనక నన్ను గూడా ఎయ్యమ్మీ. పసుప్పచ్చ పావడ."

పడవకు కొమ్ములూ తోకా పెట్టాను. తోక పట్టుకుని ఒక చిన్నపిల్లను వేశాను. నీలం మీద పసుపు పడగానే పావడ ఆకుపచ్చగా మారింది. నాలుక కరుచుకున్నాను.

"పోనీలే, తడిసింటాది," అంది అత్త.

ఇప్పుడది హాల్లో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా అత్త ముందు దాని దగ్గరికే తీసుకెళుతుంది. మొన్న పక్కింటామె, "సముద్రం శానా బాగుండాదే" అన్నప్పుడు, ఇన్నాళ్లకు ఒకరైనా గుర్తుపట్టారని నేను పొంగిపోయాను. అత్త మాత్రం ఆమెను కూర్చోబెట్టి, టీ కూడా అడక్కుండా, వరద దగ్గర్నుంచి మొదలుపెట్టింది.