బావ లెక్కలో ఇల్లూ సత్రమూ

బావ పోయాడని పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఆరోగ్యం బాగోలేదని తెలుసు. అయినా నా నోట వచ్చిన మాట, "నిన్న సాయంత్రం కూడా ఆడాం కదే!" అని.

ఆయన ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. రోజంతా క్రేన్ నడిపి గాజువాకలో ఇంటికొచ్చి, కంప్యూటర్ ఆటలో మళ్లీ క్రేన్ ఎక్కే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. పైగా ఆటలో సరుకు కింద పడితే నిజంగానే నొచ్చుకునేవాడు.

కొత్త ఆట కొన్నప్పుడల్లా ఆయన చేసే పని ఒకటుంది. ముందు ఇంటర్నెట్ వైరు పీకేసేవాడు. అప్పుడూ ఆట తెరుచుకుంటే మంచి కంపెనీ. లాగిన్ అవ్వమని అడిగితే మొహం మాడ్చుకునేవాడు. "నా ఇంట్లోకి నాను ఎల్డానికి ఆడి పర్మిషనేటి బావా?" అనేవాడు.

మా ఇద్దరికీ తెగని వాదన అక్కడే. వెనకటికి సీడీల్లో యుద్ధం ఆటలు అమ్మిన కంపెనీ అంటే ఆయనకు ప్రాణం. ఆ కంపెనీ మూతపడి ఏళ్లయినా ఆయన సీడీలు ఇంకా పనిచేస్తున్నాయి. "ఆడు ఇల్లు కట్టి తాళం సేతిలో ఎట్టీసేడు" అనేవాడు. ఆటలన్నీ ఒకేచోట అమ్మి, స్నేహితుల్ని కలిపి, ఆన్‌లైన్‌లో ఆడించే ఇప్పటి కంపెనీలను మాత్రం సత్రాలనేవాడు. "బోజనం బాగుంటాది. కానీ ఆడు పొమ్మంటే మూట సర్దుకోవాల."

నేను సత్రం పక్షం. ఎలమంచిలిలో ఉండేవాణ్ని, ఆ సర్వీసు లేకపోతే బావతో ఆడేదెలా? ఎంత గొప్ప ఆటైనా ఒక్కణ్నీ కూర్చుని ఆడితే నాకు ముద్ద దిగదు.

జబ్బు చేశాక ఆయన మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. కూతురు రుషికొండలో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. సాయంత్రమైతే ముగ్గురం ఆన్‌లైన్ ఆటలో చేరి ఒక రేవు కట్టేవాళ్లం. ఒకరోజు బావ తనంతట తానే, "సత్రం లేకపోతే రోజూ బిడ్డ పక్కన కూకునీవోడ్నేటి?" అన్నాడు. నేను నెగ్గానని ఎగిరి గంతేశాను.

పెద్దకర్మ అయిన వారానికి, మేం రేవు కట్టిన ఆట కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆదరణ తగ్గిందట, నెలాఖరుకు సర్వీసు ఆపేస్తారట. మేనకోడలు వెంటనే ఫోన్ చేసింది.

"మావయ్యా, నాన్న కట్టిన రేవుని మన దగ్గర దాచుకోడానికి అవ్వదేటి?"

తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఫొటోలు తీసుకోవచ్చు, అంతే. రేవు వాళ్ల సర్వర్లో ఉంది, దాంతోపాటే పోతుంది. బావ మాటే నిజమైందని ఒళ్లు మండింది. ఆయన నెగ్గినందుకు కాదు, నెగ్గి నన్ను ఏడిపించడానికి లేనందుకు.

ఏ కంపెనీ మంచిదంటే ఇప్పటికీ చెప్పలేను. బావ సీడీలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. కానీ తండ్రితో ఆ పిల్ల గడిపిన సాయంత్రాలు వాటిలో లేవు.

సర్వీసు ఆగిపోయే ముందు ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటూ ఇద్దరం ఆ రేవులోకి వెళ్లాం. బావ సగం సరుకు దించిన ఓడ అలాగే ఉంది. మేనకోడలు క్రేన్ ఎక్కింది.

"నాన్న సగంలో వొగ్గీసేడు మావయ్యా. దించీసి పంపిద్దాం."

నేను కింద లారీ తెచ్చి నిలబెట్టాను. ఆ పిల్లకు క్రేన్ చేతకాదు, పెట్టెలు ఊగిపోతున్నాయి. తొందరపెట్టలేదు. ఆఖరి పెట్టె కూడా దిగాక ఓడను కట్టిన మోకులు విప్పింది. ఖాళీ ఓడ మెల్లగా రేవు దాటింది. ఇక చెయ్యాల్సిన పనేమీ లేదు. అయినా ఇద్దరం ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అది సముద్రంలో చిన్నదైపోతుంటే చూస్తూ కూర్చున్నాం.